ఊరి కావలి – జవాబుదారీ

"కావలి" అన్న తెలుగు మాటలో రెండు పనులు ఇమిడి వున్నవి. కాపాడటం ఒకటి, కనిపెట్టి వుండటం ఇంకొకటి. పండిన చేను గట్టున మంచె మీద కూర్చున్నవాడూ కావలివాడే. అనుమానితుని ఇంటి ముందు నిలబెట్టినవాడూ కావలివాడే. మొదటివాడు చేను గలవాని మనిషి. చేను పోతే అతడు ముఖం చూపలేడు. రెండవవాడు ఆ ఇంటివారికి ఏ జవాబూ చెప్పనవసరం లేదు. పౌరులూ పోలీసులూ కలిసి వీధులను, ఊళ్లను కాచుకోవాలని ప్రభుత్వాలు చేస్తున్న ప్రచారాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ తేడాను మొదట గుర్తు పెట్టుకోవాలి.

నెల్లూరు జిల్లా పడమటి భాగంలో, కలిగిరికి ఆనుకొని కొండాపురం మండలం వున్నది. ఇది మెట్ట ప్రాంతం. ఎక్కువగా వర్షాధారపు పైర్లు. అక్కడక్కడ పొగాకు, బ్యారన్లు. ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఊళ్లలో మాదిరిగానే ఇక్కడి కుటుంబాలలో కొందరు బ్రతుకుదెరువు కోసం హైదరాబాదుకో బెంగుళూరుకో గల్ఫ్ దేశాలకో వెళుతుంటారు. ఇంట్లో ముసలివారు మాత్రమే మిగులుతారు, లేదా ఇంటికి తాళం పడుతుంది. తాళం పడిన ఇల్లు, పొలంలో ఒంటరిగా నిలిచిన ట్రాన్స్‌ఫార్మరు, బోరు మోటారుకు లాగిన తీగ, దొడ్లో కట్టిన మేకలు – మెట్ట ఊళ్లలో దొంగ కన్ను పడేది వీటి మీదనే. ట్రాన్స్‌ఫార్మరును పగలగొట్టి రాగి తీగ ఎత్తుకుపోయినవానికి దక్కేది కొద్ది డబ్బు. దాని మీద ఆధారపడిన నాలుగైదు కుటుంబాలకు ఎండేది పైరు.

ఇంత విస్తీర్ణానికి వుండేది ఒక పోలీసు స్టేషను, ఒక ఎస్సై, కొద్దిమంది సిబ్బంది. రాత్రి పూట ప్రతి ఊరినీ చుట్టి రావటం వారికి సాధ్యం కాని పని. ఈ లోటు తీర్చటానికి ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ 2010 దశకపు రెండవ భాగంలో తాళం వేసిన ఇళ్ల నిఘా అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. "ఎల్.హెచ్.ఎం.ఎస్." అని దానిని పిలుస్తారు. ఊరు వెళ్లే కుటుంబం సెల్‌ఫోనులోని ఆ యాప్ ద్వారా ఫలానా తేదీ నుండి ఫలానా తేదీ వరకు ఇంట్లో వుండమని తెలియజేస్తుంది. పోలీసులు వచ్చి ఇంట్లో ఒక చిన్న కెమెరా అమర్చుతారు. లోపల ఏదైనా కదలిక కలిగితే కంట్రోలు రూముకు సంకేతం పోతుంది, దగ్గరలోని గస్తీ సిబ్బంది పరుగెత్తుతారు. దీనికి ఇంటివారు రుసుము చెల్లించనక్కరలేదు. పట్టణాలలో ఇది మంచి ఏర్పాటే. కొండాపురం వంటి చోట మాత్రం కంట్రోలు రూము గంట మ్రోగిన తర్వాత పోలీసు జీపు వచ్చేలోగా దొంగ పొలాలకు అడ్డం పడి పోగలడు. ఆ సమయంలో ఆ ఇంటి ముందుకు రాగలవాడు పొరుగువాడొక్కడే. కనుక యంత్రం ఎంత మంచిదైనా చివరికి వ్యవహారం పొరుగువాని దగ్గరకే వచ్చి ఆగుతున్నది. పొరుగువాడు ఏ హోదాలో, ఎవరి తరఫున, ఏ హద్దులలో కావలి కాయాలన్నదే అసలు ప్రశ్న.

పాత కావలి

ఈ ప్రశ్న నెల్లూరు సీమకు కొత్తది కాదు. జిల్లాలో ఒక పట్టణం పేరే కావలి. కంపెనీ పాలనకు ముందు మద్రాసు రాజధాని ప్రాంతాలలో ఊరి కావలి ఒక హక్కుగా, వృత్తిగా వుండేది. ఊరిని కాచేవారికి రైతులు పంటలో కొంత భాగమో, రొక్కమో ఇచ్చేవారు. పాళెగాళ్లు పెద్ద ప్రాంతాలకు కావలి హక్కు సంపాదించి పన్ను వసూలు చేసేవారు. దీనికి బదులుగా వారి మీద ఒక బాధ్యత వుండేది: దొంగతనం జరిగితే దొంగనైనా పట్టి అప్పగించాలి, పోయిన సొమ్మునైనా కట్టి ఇవ్వాలి.

ఈ పద్ధతిని స్వర్ణయుగంగా చిత్రించటం పొరపాటు. పాళెగాని కావలి అనేక చోట్ల బెదిరింపుగా మారింది. కావలి పన్ను కట్టని ఊరిలో దొంగతనం చేయించేవారే ఆ కావలిదార్లు అన్న ఫిర్యాదు కంపెనీ అధికారుల వ్రాతలలో పదే పదే కనిపిస్తుంది. వారి వ్రాతలను కూడా యథాతథంగా నమ్మనవసరం లేదు. పాళెగాళ్లను తొలగించవలసిన అవసరం వారికి వుండనే వున్నది. అయినా పద్ధతిలోని మూలసూత్రం మాత్రం విలువైనది. కాచేవాని నష్టమూ ఊరివాని నష్టమూ ఒకటిగా ముడిపడి వుండేవి.

1801లో కర్ణాటక నవాబు రాజ్యంతో పాటు నెల్లూరు సీమ కంపెనీ చేతికి వచ్చింది. మరుసటి సంవత్సరమే కంపెనీ కావలి హక్కులను తీసివేసి, జీతం మీద దరోగాలను నియమించింది. ఊరితో సంబంధం లేని దరోగాకు ఊరి గుట్టు తెలియదు. ఆ ఏర్పాటు పదిహేనేళ్లు కూడా నిలువలేదు. థామస్ మన్రో సిఫారసుల మీద 1816లో వచ్చిన 11వ రెగ్యులేషన్ దరోగాలను తొలగించి, గ్రామ మునసబును ఊరి పోలీసు అధికారిగా, తలారిని అతని చేతి మనిషిగా గుర్తించింది. అయితే పై స్థాయిలో శిస్తు వసూలు, పోలీసు అధికారం ఒకే చేతిలో వుండిపోయినవి. శిస్తు కట్టలేని రైతును ఎండలో నిలబెట్టటం, వంచి రాయి ఎత్తటం వంటి హింసలను 1855 నాటి మద్రాసు హింసల విచారణ సంఘం బయటపెట్టింది. దాని తర్వాతనే శిస్తు నుండి వేరుచేసిన ప్రత్యేక పోలీసు శాఖ 1859 చట్టంతో ఏర్పడింది. ఆంధ్ర ప్రాంతంలోని జిల్లా పోలీసు చట్టానికి ఈ కాలం దాకా ఆ 1859 సంవత్సరమే పేరులో నిలిచి వున్నది.

ఈ మార్పులన్నింటిలో ఒక విషయం గమనించదగినది. తలారి మిగిలాడు, కాని పోయిన సొమ్ముకు జవాబు చెప్పే ఒప్పందం క్రమంగా మరుగున పడింది. తలారి వార్త పైకి మోసుకుపోయే మనిషి అయ్యాడు. ఎవరు కొత్తగా వచ్చారు, ఎవరు కనిపించటం లేదు, ఎవరి మధ్య తగాదా వున్నది – ఈ సంగతులు మునసబుకు, అక్కడి నుండి స్టేషనుకు చేరేవి. స్టేషను నుండి ఊరికి తిరిగి వచ్చేది మాత్రం చాలా తక్కువ. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవులను రద్దు చేసినప్పుడు ఆ పాత గొలుసు కూడా తెగిపోయింది.

నెల్లూరు జిల్లాలో ఈ కథకు ఒక చేదు భాగం కూడా వున్నది. ఇక్కడ పొలాలకు, ఊళ్లకు తరతరాలుగా కావలి కాచినవారిలో యానాదులు ముఖ్యులు. అడుగుజాడ చూచి మనిషిని పట్టగల నేర్పు వారిదని పేరు. అలాంటి సంచార, గిరిజన కులాలనే "నేరస్థ జాతులు" అనే ముద్ర క్రిందకు తెచ్చిన చట్టాన్ని 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. కావలి పట్టణం వద్ద అమెరికన్ బాప్టిస్టు మిషనరీల ఆధ్వర్యంలో ఎరుకల కుటుంబాలకు ఒక సెటిల్‌మెంటు నడిచింది. హాజరు పట్టీలో పేరు పలకటం, అనుమతి లేనిదే పొలిమేర దాటకుండా వుండటం అక్కడి జీవితం. 1952లో చట్టం రద్దయింది. ముద్ర మాత్రం చట్టంతో పాటు రద్దు కాలేదు. దొంగతనం జరిగితే మొదటి చూపు ఫలానా పేట మీదకు పోయే అలవాటు ఊళ్లలో మిగిలిపోయింది. ఒక సముదాయం మొత్తాన్ని అనుమానించే కావలి చివరికి దొంగను పట్టదు. అది తనకు అలవాటైన వారినే పట్టుకుంటుంది. 2007 మే 18న హైదరాబాదు మక్కా మసీదులో పేలుడు జరిగిన అనంతరం పోలీసులు పట్టుకున్న పాతబస్తీ యువకులలో అనేకులు నిర్దోషులుగా విడుదలయ్యారు. 2011లో ప్రభుత్వం వారికి పరిహారం చెల్లించింది. 2013లో హైకోర్టు ఆ పరిహారపు ఉత్తర్వును కొట్టివేసింది. అలాంటి అనుభవం గల వీధిలో "పోలీసులకు సహకరించండి" అన్న మాట ఎలా వినిపిస్తుందో ఊహించటం కష్టం కాదు.

ఫిఖహ్‌లో పొరుగువాని బాధ్యత

పొరుగువారి ఉమ్మడి బాధ్యత విషయంలో ఇస్లామీయ ధర్మశాస్త్రంలో ఒక విశిష్టమైన అధ్యాయం వున్నది. దాని పేరు ఖసామా. హనఫీ గ్రంథాలలో, ముఖ్యంగా మర్గీనానీ "హిదాయా"లో, దీనిని విపులంగా చర్చించారు. ఒక మొహల్లాలో హత్యకు గురైన వ్యక్తి శవం దొరికి, హంతకుడెవరో తెలియనప్పుడు, హతుని వారసులు ఆ మొహల్లాలోని 50 మందిని ఎన్నుకుంటారు. తాము చంపలేదనీ, చంపినవాడెవరో తమకు తెలియదనీ ఆ 50 మంది ప్రమాణం చేయాలి. ప్రమాణంతో వ్యవహారం ముగియదు. హతుని రక్తపరిహారం, అనగా దియత్, ఆ మొహల్లావారి మీద పడుతుంది. చంపనివారు ఎందుకు చెల్లించాలి? ఆ స్థలాన్ని కాపాడే బాధ్యత అక్కడ నివసించేవారిది, ఆ బాధ్యతలో లోపం జరిగింది గనుక అన్నది హనఫీ పండితుల సమాధానం. ఇతర ఇమాములు ప్రమాణం ముందుగా ఎవరు చేయాలన్న విషయంలో భిన్నాభిప్రాయం వెలిబుచ్చారు.

ఈ అధ్యాయంలోనే తర్వాతి మాట ఇంకా ముఖ్యమైనది. శవం మొహల్లాలో గాక జామా మసీదులోనో, అందరూ నడిచే రాజమార్గం మీదనో దొరికితే ఖసామా లేదు. దియత్ మాత్రం వున్నది. అది బైతుల్ మాల్ నుండి, అంటే ప్రజా ఖజానా నుండి చెల్లించాలి. పొరుగువారు కాపాడగల చోట పొరుగువారు జవాబుదారులు. వారి అదుపులో లేని చోట ప్రభుత్వం జవాబుదారు. ఎవరూ జవాబుదారు కాని చోటు అంటూ ఒకటి లేదు. ఖైబరులో ఒక అన్సారీ సహచరుడు హతుడై, హంతకుడు తేలనప్పుడు దైవప్రవక్త (సఅసం) ఆ కుటుంబానికి రక్తపరిహారాన్ని తామే చెల్లించిన సంఘటన ఈ చర్చకు మూలం. నేటి భారతదేశంలో ఈ విధి అమలులో లేదు, వుండాలన్న వాదమూ ఇక్కడ లేదు. కాని నెల్లూరు పల్లెల పాత కావలిలోనూ, ఫిఖహ్‌లోనూ ఒకే ఆలోచన కనిపించటం ఆశ్చర్యకరం. అక్బరు కాలపు "ఆయినె అక్బరీ"లో కొత్వాలు విధులను వివరిస్తూ అబుల్ ఫజల్ కూడా ఇదే దారిలో నడిచాడు. కొత్వాలు ఇళ్ల జాబితా వుంచాలి. ఒకరికొకరు తోడుపడతామని పౌరుల చేత మాట తీసుకోవాలి. కొన్ని ఇళ్లను కలిపి ఒక మొహల్లాగా ఏర్పరచి దానికొక పెద్దను నియమించాలి. దొంగను, దొంగసొత్తును కనిపెట్టలేకపోతే ఆ నష్టం కొత్వాలు భరించాలి. చివరి వాక్యం లేకపోతే ముందు వాక్యాలన్నీ నిఘా పట్టికే అయ్యేవి.

ఇక హద్దుల సంగతి. దివ్య ఖుర్ఆన్ 5వ సూరా 2వ వాక్యం మంచి పనులలో పరస్పరం సహకరించుకోవాలని, పాపంలోనూ దౌర్జన్యంలోనూ సహకరించరాదని ఆదేశిస్తున్నది. 49వ సూరా 12వ వాక్యం అతిగా అనుమానించటాన్ని, ఇతరుల రహస్యాలు ఆరా తీయటాన్ని నిషేధిస్తున్నది. కావలి సంఘంలో చేరేవాడు ఈ రెండింటినీ కలిపి చదువుకోవాలి. ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) రాత్రివేళ మదీనా వీధులలో గస్తీ తిరిగేవారన్నది ప్రసిద్ధమే. ఇమామ్ గజాలీ "ఇహ్యా"లో పేర్కొన్న సంఘటన ఒకటున్నది. ఒక రాత్రి ఆయన ఒక ఇంటి గోడ ఎక్కి లోపలికి దిగి, నిషిద్ధ కార్యంలో వున్న ఒక వ్యక్తిని పట్టుకున్నారు. ఆ వ్యక్తి, తాను ఒక ఆజ్ఞను మీరితే ఖలీఫా మూడింటిని మీరారని చెప్పాడు: ఆరా తీశారు, ద్వారం గుండా గాక గోడ మీదుగా వచ్చారు, అనుమతి కోరకుండా, సలాం చెప్పకుండా ప్రవేశించారు. మనసు మార్చుకుంటానన్న మాట తీసుకొని హజ్రత్ ఉమర్ (రజి) వెనుదిరిగారు. ముస్లిం లోకంలో అత్యంత శక్తిమంతుడైన పాలకుణ్ణి ఒక సామాన్యుడు అతని నేరంలో పట్టుబడి కూడా నిలదీయగలిగాడు.

దీని ఆధారంగా ఫుఖహాలు, హిస్బా అధికారి అయిన ముహ్తసిబ్‌కు బహిరంగంగా కనిపించే తప్పు మీదనే అధికారం వున్నదని తేల్చారు. మూసిన తలుపు వెనుక ఏమున్నదో వెదకటం అతని పని కాదు. 1058లో మరణించిన మావర్దీ ఒక మినహాయింపు చెప్పాడు. ఒక ప్రాణం పోబోతున్నదని, ఆలస్యమైతే సరిదిద్దలేని నష్టం జరుగుతుందని నమ్మదగిన వ్యక్తి వార్త తెస్తే అప్పుడు ముందుకు పోవచ్చును. నేటి పోలీసు వాడుకలో "కార్డన్ సెర్చ్" అనే సోదాలు తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ జరుగుతున్నవి. తెల్లవారుజామున ఒక బస్తీని చుట్టుముట్టి ఇల్లిల్లూ తనిఖీ చేసి, కాగితాలు లేని మోటారు సైకిళ్లను స్వాధీనం చేసుకుంటారు. దీనికి కూడా ప్రజలతో మమేకం అయ్యే కార్యక్రమమనే పేరు పెట్టారు. ఆ బస్తీలు దాదాపు ఎల్లప్పుడూ పేదల బస్తీలే కావటం కాకతాళీయమని చెప్పలేము. పైన చెప్పిన కొలతతో చూస్తే ఇది కాపాడే కావలి కాదు.

దూబగుంట స్త్రీలు

పడమటి నెల్లూరులో ఊరివారే తమ ఊరికి కావలి కాచిన గొప్ప ఉదాహరణ కొండాపురానికి పొరుగునే వున్నది. అది కలిగిరి మండలంలోని దూబగుంట. 1991 జనవరిలో నెల్లూరు జిల్లాలో "అక్షరదీపం" పేర వయోజన విద్యా ఉద్యమం మొదలైంది. కూలిపని ముగించుకొని రాత్రిబడికి వచ్చిన స్త్రీలు అక్షరాలతో పాటు తమ ఇళ్ల సంగతి మాట్లాడుకున్నారు. భర్తల కూలిడబ్బు సారాకు పోతున్నది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1983లో తెచ్చిన "వారుణి వాహిని" పథకం ద్వారా సారా ప్యాకెట్లు ఊరి నడిబొడ్డుకు వస్తున్నవి. ఒకప్పుడు దుకాణం వెదుక్కుంటూ మనిషి పోయేవాడు. ఇప్పుడు మనిషిని వెదుక్కుంటూ సారా వచ్చింది. దూబగుంట స్త్రీలు తమ ఊరిలో అమ్మకం ఆపించారు. ఆ కథ అక్షరదీపం వాచకంలో పాఠంగా చేరటంతో 1992 నాటికి జిల్లా అంతటా వందల ఊళ్లకు పాకింది. ఆ ఉద్యమానికి పేరు తెచ్చిన దూబగుంట రోశమ్మ 2016లో మరణించింది.

ఆ స్త్రీల కావలి విధానం సాదాసీదాది. సారా తెచ్చే బండి ఏ దారిన వస్తుందో, ఏ వేళకు వస్తుందో వారికి తెలుసు. ఊరి మొగదల వంతులవారీగా కూర్చునేవారు. చేతిలో చీపుళ్లు, కొంగున కారం పొట్లాలు. బండి వస్తే అడ్డంగా నిలబడి వెనక్కు పంపేవారు; ప్యాకెట్లను పారబోసేవారు, తగులబెట్టేవారు. పగలు కూలికి పోయిన స్త్రీ రాత్రి మేలుకోవటం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు. జీతం లేదు, యూనిఫారం లేదు. పోయేది తమ ఇంటి గింజలే గనుక కావలి నిలిచింది.

మరి పోలీసులు? ఇక్కడ చరిత్ర ఇబ్బందికరంగా వుంటుంది. లైసెన్సు పొందిన సారా కాంట్రాక్టరు చట్టప్రకారం వ్యాపారం చేస్తున్నవాడు. ప్రభుత్వానికి ఆదాయం ఇస్తున్నవాడు. ఆనాటి చట్టంలో దౌర్జన్యం చేస్తున్నది స్త్రీలు, రక్షణ పొందవలసినది సారా బండి. కనుక ఖాకీ బట్టలు చాలా చోట్ల అవతలి వైపే కనిపించినవి. జిల్లాలో సారా వేలంపాటలు పదే పదే వాయిదా పడినవి. పాడటానికి వచ్చినవారికి కలెక్టరు కార్యాలయం ముందు స్త్రీలు ఎదురు నిలిచారు. చివరకు నెల్లూరు జిల్లాలో 1993 ఏప్రిల్ 15 నుండి, రాష్ట్రమంతటా అదే సంవత్సరం అక్టోబరు 1 నుండి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. అప్పుడు మాత్రం ఊరి స్త్రీ, పోలీసు ఒకే వైపుకు వచ్చారు. నాటుసారా బట్టీ ఎక్కడ కాగుతున్నదో చెప్పగలిగింది ఆమె. దానిని పట్టవలసింది అతడు. 1997లో ప్రభుత్వం సంపూర్ణ నిషేధాన్ని సడలించింది. నాటి నుండి మద్యం దుకాణం మళ్లీ చట్టబద్ధమయింది, దాని నీడన బెల్టు షాపులు వెలిసినవి. అప్పటిదాకా వార్త అందించిన స్త్రీని ఎవరూ అడిగి ఆ నిర్ణయం చేయలేదు.

ఆ స్త్రీల కావలిలో కూడా మచ్చ లేకపోలేదు. కొన్ని ఊళ్లలో తాగి వచ్చిన మగవారికి తల గొరిగించి ఊరేగించారు. వారి కోపం న్యాయమైనదే. శిక్ష వేసే అధికారం మాత్రం వారిది కాదు. కావలి కాచేవాడే న్యాయమూర్తి కావటం ఎక్కడ జరిగినా ప్రమాదమే. అమెరికాలోని ఫ్లోరిడాలో 2012 ఫిబ్రవరి 26 రాత్రి, వీధి కావలి స్వచ్ఛంద సేవకుడొకడు తన వీధిలో నడుస్తున్న ట్రేవాన్ మార్టిన్ అనే 17 ఏళ్ల నల్లజాతి బాలుణ్ణి అనుమానించి వెంబడించాడు. ఇద్దరి మధ్య జరిగిన పెనుగులాటలో అతని తుపాకి గుండు తగిలి బాలుడు మరణించాడు. వెంబడించవలసిన అవసరం లేదని పోలీసు టెలిఫోనులో అతనికి చెప్పారు. మరుసటి సంవత్సరం జ్యూరీ అతణ్ణి నిర్దోషిగా విడిచిపెట్టింది. ఇంగ్లండులో 1982లో చెషైర్ ప్రాంతపు మాలింగ్టన్ గ్రామంలో మొదలైన పద్ధతి ఇంతకు భిన్నం: ఇరుగుపొరుగు గమనిస్తారు, తెలియజేస్తారు, అంతటితో ఆగుతారు.

పొరుగున తమిళనాడు అనుభవం ఇంకొక రకమైన హెచ్చరిక. 1993లో రామనాథపురంలో "పోలీసు మిత్రులు" అనే ఉద్యమాన్ని ఒక పోలీసు అధికారి ప్రారంభించారు. ఉద్దేశం ఉన్నతమైనది: స్టేషను గడప తొక్కటానికి జంకే సామాన్యునికీ పోలీసుకూ మధ్య పౌరుడే వంతెన కావటం. అది రాష్ట్రమంతా వ్యాపించింది. 2020 జూన్‌లో సాత్తాన్‌కుళంలో పోలీసులు నిర్బంధించిన తండ్రీ కొడుకులు, జయరాజ్, బెన్నిక్స్, మరణించిన దారుణంలో అలాంటి స్వచ్ఛంద సేవకుల పాత్ర కూడా వున్నదన్న ఆరోపణ వచ్చింది. తమ సంస్థవారు కారని ఉద్యమ నిర్వాహకులు ఖండించారు. అయినా మరుసటి నెలలోనే తమిళనాడు ప్రభుత్వం ఆ సంస్థ కార్యకలాపాలను నిషేధించింది. స్టేషనులో తిరిగే పౌరుడు ప్రజల ప్రతినిధిగా మొదలై పోలీసు తోకగా ముగియగలడన్న భయం నిరాధారమైనది కాదని దీనివల్ల తెలుస్తుంది.

తెలుగు రాష్ట్రాలలో నేడు

హైదరాబాదు పోలీసులు "నేను సైతం" పేరుతో వీధివారి చందాలతోనే కెమెరాలు పెట్టించారు. 2013 నాటి ప్రజా భద్రతా చట్టం ప్రకారం ఎక్కువమంది జనం చేరే దుకాణాలు, ఆస్పత్రులు, ప్రార్థనా స్థలాలు కూడా కెమెరాలు పెట్టి, 30 రోజుల చిత్రాలు భద్రపరచాలి. డబ్బు వీధివారిది, బొమ్మ స్టేషనుది. కెమెరా వలన దొంగలు పట్టుబడుతున్నారు, సందేహం లేదు. కాని కాచుకోవటానికి చందా ఇచ్చినవాడు తనపై మోపిన కేసులో అదే కెమెరా చిత్రాన్ని తన నిర్దోషిత్వానికి సాక్ష్యంగా ఎంత సులభంగా పొందగలడన్నదే ఆ ఏర్పాటుకు అసలు పరీక్ష.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు ప్రతి సచివాలయానికి ఒక మహిళా సంరక్షణ కార్యదర్శిని నియమించారు. జనం నోట ఆమె "మహిళా పోలీసు". 1984లో తెగిన గొలుసు 35 సంవత్సరాల తర్వాత ఈ రూపంలో మళ్లీ అతికింది. ఈసారి కొస పట్టుకున్నది చదువుకున్న యువతి. 2021లో ప్రభుత్వం వారిని పోలీసు శాఖలో భాగంగా గుర్తిస్తూ ఉత్తర్వులిచ్చింది. పోలీసు నియామకపు నియమాలు, శిక్షణ లేకుండా పోలీసు హోదా ఎలా ఇస్తారంటూ కొందరు హైకోర్టుకు వెళ్లారు. చట్టం మాట అలా వుంచి ఊరి దృష్టితో చూస్తే, ఆమె బలం ఖాకీలో లేదు. భర్త చేత దెబ్బలు తిన్న స్త్రీ స్టేషనుకు పోయి ఎస్సై ముందు నిలబడటానికి వెనుకాడుతుంది. సచివాలయంలో రేషను కార్డు పనికి పోయినట్లు పోయి ఆమెతో మాట్లాడగలదు. ఆ మాట ఆ గది దాటి ఊరిలో పొక్కితే మాత్రం రెండవ స్త్రీ ఇక రాదు.

ఇక కొండాపురంలోనో ఉదయగిరిలోనో పదిమంది కలిసి రాత్రి గస్తీకి పూనుకుంటే చట్టం వారికి ఏమి ఇస్తున్నది? 2024 జూలై 1 నుండి అమలులో వున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షను ప్రకారం, తన కళ్ల ఎదుట బెయిలుకు వీలులేని, పోలీసులు వారంటు లేకుండా పట్టదగిన నేరం చేసినవాణ్ణి సామాన్య పౌరుడు పట్టుకోవచ్చును. పట్టుకున్నవాణ్ణి అనవసరపు జాప్యం లేకుండా, 6 గంటలలోగా పోలీసులకు అప్పగించాలి. "అనుమానం కలిగింది" అన్నది ఈ సెక్షనులో లేదు. కళ్ల ఎదుట జరిగి వుండాలి. స్తంభానికి కట్టివేయటం, కొట్టటం, సెల్‌ఫోనులో చిత్రించి ఊరూరా పంపటం నేరాలు. పిల్లలను ఎత్తుకుపోయేవారు తిరుగుతున్నారన్న పుకారు 2018లో దేశమంతటా వాట్సాప్‌లో వ్యాపించి, తెలుగు జిల్లాలలో కూడా దారిన పోయే బిచ్చగాళ్లు, మతి స్థిమితం లేనివారు గుంపుల చేతిలో దెబ్బలు తిన్నారు. గస్తీ సంఘం మొదట నేర్చుకోవలసినది ఈ సెక్షనే.

రెండవది, వార్త తిరిగి వచ్చే దారి. అదే సంహిత 173వ సెక్షను ప్రకారం ఫిర్యాదు ఇచ్చినవానికి ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి. 193వ సెక్షను మరొక అడుగు ముందుకు వేసింది: దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజులలోగా ఫిర్యాదిదారుకు, బాధితునికి పోలీసులు తెలియజేయాలి. సెల్‌ఫోను ద్వారా తెలియజేసినా చాలును. పోయిన సొమ్ము కట్టి ఇచ్చే పాత కావలిదారు బాధ్యతతో పోల్చితే ఇది చిన్నదే. అయినా ఎక్కువగా పైకే పోతూ వచ్చిన వార్తకు క్రిందికి దిగే మెట్టు చట్టంలో ఇక్కడ కనిపిస్తున్నది. ఈ నియమం తెలిసిన ఫిర్యాదిదారులు చాలా కొద్దిమంది. ట్రాన్స్‌ఫార్మరు రాగి పోయిన రైతులు నలుగురూ ఒకే కాగితం మీద సంతకం చేసి ఫిర్యాదు ఇచ్చి, నకలు తీసుకొని, తేదీ వ్రాసిపెట్టుకొని, 90వ రోజున నలుగురూ కలిసి స్టేషనుకు పోయి కేసు ఏమయిందని మర్యాదగా అడగవచ్చును. వారు అడిగిన రోజున ఎస్సై బల్ల అవతల కూర్చోబెట్టి డైరీ తీసి చెప్పిన ఊరిలో, ఆ తర్వాత రాత్రి గస్తీకి ఎంతమంది పేర్లు ఇస్తారో చూడాలి.